ఆర్కే బీచ్ ముందు రెగట్టా: టీమ్‌కి రోజువారీ గాలి అంచనా ఎలా తయారు చేయాలి?

చుక్కాని_వైజాగ్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మార్చి ఆఖరి వారంలో విశాఖ ఆర్కే బీచ్ ముందు ఐదు రోజుల డింగీ రెగట్టా (చిన్న తెరచాప పడవల పోటీలు) ఉంది. మా జట్టులో ఒక్కరే నడిపే ఐఎల్‌సీఏ 4, ఐఎల్‌సీఏ 6 పడవలు, ఇద్దరు నడిపే 29ఈఆర్ మీద రెండు జంటలు. వాతావరణం చూసుకునే పని నాకు అప్పగించారు. పడవ నడపడం తెలుసు, మ్యాపులు చదవడం కొంత వచ్చు. కానీ రెండూ కలిపి పిల్లలకు పనికొచ్చే మాట చెప్పడం దగ్గర ఆగిపోతున్నాను.

మధ్యాహ్నం 2 గంటలకు అమెరికా వాతావరణ మోడల్ జీఎఫ్ఎస్ 7 నాట్స్ (ఒక నాట్ గంటకు 1.85 కిలోమీటర్లు) అంటుంది, యూరప్ మోడల్ ఈసీఎండబ్ల్యూఎఫ్ 12 అంటుంది, ఎయిర్‌పోర్ట్ వాతావరణ నివేదిక మెటార్‌లో 4 ఉంటుంది, నీటి మీద చేతి మీటరు ఇంకో అంకె చూపిస్తుంది. దేన్ని పట్టుకోవాలి? సముద్రపు గాలి పొద్దెక్కేకొద్దీ కుడికి తిరుగుతుందని పుస్తకాల్లో చదివాను. మన దగ్గర ఎంత తిరుగుతుంది? కోచ్ బోటులో ఏ కొలతలు తీసుకోవాలి? రేసు మొదలయ్యాక మన వాళ్లకు ఎంతవరకు చెప్పొచ్చు? బ్రీఫింగ్ రోజూ ఉదయం 8కి, మొదటి వార్నింగ్ సిగ్నల్ (స్టార్ట్‌కి ముందు వచ్చే మొదటి హెచ్చరిక) 12కి.

---

ఐసోబార్

ఆ నాలుగు అంకెలూ నాలుగు వేర్వేరు చోట్ల గాలివి, అందుకే కలవడం లేదు.

ముందు మెటార్. మన ఎయిర్‌పోర్ట్ తీరానికి లోపల, సింహాచలం కొండలకూ యారాడ కొండకూ మధ్య ఉంది. అక్కడి గాలి ఆ లోయ గాలి. దాంతో రేసు గాలిని అంచనా కట్టొద్దు. మెటార్ నుంచి ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్, పీడనం మాత్రం తీసుకోండి, అవి పనికొస్తాయి. నేల ఎంత వేడెక్కిందో దాన్నిబట్టి తెలుస్తుంది.

తర్వాత జీఎఫ్ఎస్. మీకు కనిపించేది పావు డిగ్రీ గ్రిడ్, అంటే ఒక్కో గడి సుమారు 27 కిలోమీటర్లు. ఆర్కే బీచ్ మీద పిన్ను పెడితే నేల మీద విలువలు కూడా కలిసిన అంకె వస్తుంది. నేల గరుకు కాబట్టి గాలి తగ్గిపోయి కనిపిస్తుంది. పిన్నును తీరం నుంచి 15 కిలోమీటర్లు సముద్రంలోకి జరిపి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ఈసీఎండబ్ల్యూఎఫ్ అసలు మోడల్ గడి 9 కిలోమీటర్లు కాబట్టి తీరం గీత కాస్త మెరుగ్గా పడుతుంది. మన దేశపు మోడళ్లనూ వదలొద్దు: ఎన్‌సీఎంఆర్‌డబ్ల్యూఎఫ్ (జాతీయ మధ్యశ్రేణి వాతావరణ అంచనా కేంద్రం) వారి ప్రాంతీయ మోడల్ 4 కిలోమీటర్లు, వాతావరణ శాఖ (ఐఎండీ) డబ్ల్యూఆర్ఎఫ్ 3 కిలోమీటర్లు, 2025లో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 6 కిలోమీటర్లు. అయితే గడి చిన్నదైనంత మాత్రాన సీ బ్రీజ్ (సముద్రపు గాలి) మొదలయ్యే టైము సరిగ్గా చెబుతుందని అనుకోవద్దు. మోడల్ నుంచి తీసుకోవాల్సినవి మూడే: పై గాలి (నేలకు కొన్ని వందల మీటర్ల పైన వీచేది) దిశ, దాని బలం, రోజంతా అది ఎటు మారుతోంది.

టైముల లెక్క చాలామంది పట్టించుకోరు. మోడల్ రన్నులు (లెక్క కట్టే విడతలు) యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటాయి, మనకు ఐదున్నర గంటలు కలపాలి. 00 రన్ మన ఉదయం 5:30ది, కానీ జీఎఫ్ఎస్ ఫలితం చేతికి రావడానికి ఇంకో నాలుగు గంటలు పడుతుంది. కాబట్టి 8 గంటల బ్రీఫింగ్‌కి మీ దగ్గర ఉండే తాజా జీఎఫ్ఎస్ ముందురోజు రాత్రి 11:30ది. ఈసీఎండబ్ల్యూఎఫ్ పూర్తి రన్ అయితే ముందురోజు సాయంత్రం 5:30ది. పొద్దున్న వెబ్‌సైట్ తెరిచి 'ఇప్పుడే అప్‌డేట్ అయింది' అనుకునే ముందు రన్ టైము చూడండి. రెండు మోడళ్లను పోల్చేటప్పుడూ రన్ టైములు దగ్గరగా ఉండాలి.

ఉదయం అన్నిటికంటే విలువైనది బెలూన్ కొలత. విశాఖలో ఐఎండీ రేడియోసాండ్ స్టేషన్ ఉంది, నంబరు 43150. ఉదయం 5:30 కొలత సాధారణంగా బ్రీఫింగ్ లోపే వ్యోమింగ్ యూనివర్సిటీ పేజీలో కనిపిస్తుంది. అందులో 925, 850 హెక్టాపాస్కల్స్ దగ్గర గాలి చూడండి, అంటే సుమారు 750 మీటర్లు, 1500 మీటర్ల ఎత్తు. అదే ఆ రోజు అసలు పై గాలి. మోడల్ ఆ ఎత్తుకు చెప్పినదానికీ బెలూన్ చెప్పినదానికీ 30 డిగ్రీలో 6 నాట్సో తేడా ఉంటే ఆ మోడల్ మాట ఆ రోజుకు తగ్గించి వినండి.

ఇక పై గాలికీ సీ బ్రీజ్‌కీ సంబంధం. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉంది. సముద్రం ఆగ్నేయాన, నేల వాయవ్యాన. ఉత్తరార్ధగోళంలో నేల మీద గాలి రాపిడి వల్ల ఎడమకు ఒరుగుతుంది, సముద్రం మీద తక్కువ ఒరుగుతుంది. దీన్ని మన తీరానికి అన్వయిస్తే:

పై గాలి పడమర నుంచి మోస్తరుగా వీస్తుంటే సీ బ్రీజ్‌కి మంచి రోజు. ఉదయం నిశ్చలంగా ఉండి, 11 ప్రాంతంలో తీరం దగ్గరే మొదలై, బయటికి విస్తరిస్తుంది. అదే పడమటి గాలి 15–20 నాట్స్ దాటితే సీ బ్రీజ్‌ను తీరానికి రానివ్వదు.

ఉత్తరం నుంచి ఉంటే చిక్కు. తీరం పొడవునా రెండు గాలులు ఎదురెదురై మధ్యలో గాలి లేని పట్టీ పడుతుంది. సగం ఫ్లీట్ (పోటీ పడవలు) గాలిలో, సగం నిశ్చలంలో ఉండే రోజులు ఇవే.

దక్షిణం, నైరుతి నుంచి ఉంటే సీ బ్రీజ్ విడిగా మొదలవదు, ఉన్న గాలికే బలం తోడవుతుంది. మార్చి ఆఖరులో మీకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. తూర్పు నుంచి ఉంటే ఉన్న గాలే రోజంతా, పెద్ద మార్పు ఆశించొద్దు.

తిరగడం గురించి: పుస్తకాలు ఎక్కువగా యూరప్ తీరాలను చూసి రాసినవి. భూభ్రమణం వల్ల గాలి తిరిగే వేగం అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. 50 డిగ్రీల దగ్గర గంటకు 23 డిగ్రీలు, మన 17.7 డిగ్రీల దగ్గర గంటకు 9 డిగ్రీలే. అంటే 12:30 నుంచి 3:30 లోపు 25–30 డిగ్రీలు. అది కూడా పై గాలి అడ్డుపడకపోతేనే. గాలి 140 డిగ్రీల దగ్గర (ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180) మొదలై 200 దాటాక తీరానికి సమాంతరం కావస్తుంది కాబట్టి ఆ తర్వాత తిరగడం దాదాపు ఆగిపోతుంది. ఒక్క రేసు 50 నిమిషాలు అనుకుంటే అందులో కుడికి జరిగేది 7–8 డిగ్రీలు. మామూలు ఊగిసలాటే అంత ఉంటుంది. అందుకే 'ఎప్పుడూ కుడికే పోండి' అని కళ్లు మూసుకుని చెప్పడం తప్పు.

---

పోర్ట్‌టాక్

ఐసోబార్ గారు చెప్పిన చివరి మాటకు మన ఊరి భూగోళం కలపాలి.

గాలి 200–220 నుంచి ఉన్నప్పుడు ఆర్కే బీచ్ ముందు కోర్సు (రేసు దారి) వేస్తే, గాలికి ఎదురెళ్లే లెగ్‌లో (దారిలో ఒక భాగం) కుడిపక్క నేల, డాల్ఫిన్స్ నోస్ కొండ. ఎడమపక్క బయటి సముద్రం. ఇక్కడ మూడు విషయాలు ఒకదాంతో ఒకటి పోట్లాడతాయి.

గాలి కుడికి తిరుగుతోంది కాబట్టి కుడి లాభం. ఇది ఒకటి. రెండోది, నైరుతి గాలికి నేల ఎడమచేతి వైపు ఉంటుంది, గాలి పోయే దిశగా చూస్తే. అలాంటప్పుడు నేల మీది గాలి లోపలికి, సముద్రం గాలి తిన్నగా పోయి ఒడ్డు దగ్గర గాలి పలచబడుతుంది. దానికి తోడు డాల్ఫిన్స్ నోస్ నీడ, అంటే కొండ అడ్డుపడి గాలి తగ్గే చోటు. కొండ ఎత్తుకు పది రెట్ల దూరం దాకా గట్టి నీడ, ఇరవై రెట్ల దాకా చెదిరిన గాలి. కాబట్టి ఎడమ లాభం. మూడోది నీరు. ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంట ప్రవాహం నైరుతి నుంచి ఈశాన్యానికి, మార్చి–ఏప్రిల్‌లో మంచి ఊపు మీద ఉంటుంది. అక్టోబరు–డిసెంబరులో తిరగబడుతుంది. మార్చిలో మీరు గాలికీ నీటికీ రెండింటికీ ఎదురెళ్తున్నారు. ఒడ్డు దగ్గర ప్రవాహం తగ్గుతుంది కాబట్టి మళ్లీ కుడి లాభం.

వీటిలో ఏది గెలుస్తుందో కోర్సు ఎక్కడ వేశారన్నదాన్ని బట్టి ఉంటుంది. వెదర్ మార్క్ (గాలి వచ్చే వైపు పడవలు చుట్టిరావాల్సిన తేలే గుర్తు) డాల్ఫిన్స్ నోస్ కొస దాటి బయటికి ఉంటే నీడ మీకు తగలదు, కుడి బాగుంటుంది. మార్క్ కొస వెనక దాక్కుంటే కుడి మూల ఉచ్చు. కొస చుట్టూ తిరిగొచ్చే గాలి ఒంగి, మార్క్ దగ్గర చివరి 200 మీటర్లలో దిశ మారుతుంది. అందుకే స్టార్ట్‌కి 40 నిమిషాల ముందు కోచ్ బోటు వెదర్ మార్క్ దాకా వెళ్లి తీరాలి. కమిటీ బోటు (స్టార్ట్ లైన్ దగ్గర ఉండే నిర్వాహకుల పడవ) దగ్గర నిలబడి కొలిస్తే ఆ సంగతి తెలియదు.

కోర్సు రుషికొండ వైపు వేస్తే డాల్ఫిన్స్ నోస్ గొడవ ఉండదు. అక్కడ కైలాసగిరి, రుషికొండ కొండల వల్ల ఉదయం నేల గాలి గుత్తులుగా దిగుతుంది, 15–20 డిగ్రీలు అటూ ఇటూ. మధ్యాహ్నం గాలికి మాత్రం అక్కడ శుభ్రంగా ఉంటుంది.

నీటి ప్రవాహం కొలవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. మీటరు పొడవు కర్ర, కింద బరువు కట్టి, పైన అంగుళం మాత్రమే తేలేలా చేయండి. ఎక్కువ తేలితే గాలి తోసేస్తుంది, కొలత గాలిదవుతుంది. లంగరు వేసిన మార్క్ పక్కన వదిలి, నిమిషంలో ఎన్ని మీటర్లు పోయిందో చూడండి. 15 మీటర్లు పోతే అర నాట్, 31 పోతే ఒక నాట్. ఎటు పోయిందో కంపాస్‌తో రాసుకోండి. ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) ప్రవాహాల అంచనా బయటి సముద్రానికి బాగుంటుంది, ఒడ్డుకు రెండు కిలోమీటర్ల లోపు మీ కర్రనే నమ్మండి. పోటు పాట్ల వల్ల మన దగ్గర నీటిమట్టం పౌర్ణమి అమావాస్యలకు కూడా ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూగానే మారుతుంది, బయట కోర్సులో దాని ప్రభావం చిన్నది. హార్బర్ ముఖం దగ్గర మాత్రం చూసుకోండి.

ఆ అర నాట్ స్టార్ట్‌లో బయటపడుతుంది. ప్రవాహం గాలితో పాటే వస్తుంది కాబట్టి లైన్ దగ్గర ఆగిన పడవ నిమిషానికి 15 మీటర్లు వెనక్కి పోతుంది. పిల్లలు 30 సెకన్లప్పుడు లైన్ మీదే ఉన్నామనుకుని, గన్ మోగేసరికి రెండు పడవల దూరం వెనక ఉంటారు. గాలి తక్కువ రోజుల్లో ఇది మరీ ఘోరం.

---

చుక్కాని_వైజాగ్

ఇద్దరికీ చాలా థాంక్స్. నీడ, ప్రవాహం కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు. కొలతల గురించి ఒకటి: చేతి మీటరుతో బోటులో నిలబడి కొలిస్తే 9 నాట్స్, మోడల్ 11 అంటుంది. ప్రతిసారీ మోడలే ఎక్కువ. మోడల్ తప్పా, మీటరు తప్పా?

---

అనిమో

రెండూ ఒప్పే కావచ్చు చుక్కాని గారు. మోడల్ చెప్పేది 10 మీటర్ల ఎత్తు గాలి. మీరు కొలిచేది 2 మీటర్ల దగ్గర. సముద్రం మీద మామూలు పరిస్థితిలో 2 మీటర్ల గాలి 10 మీటర్ల గాలిలో 85 శాతం, 3 మీటర్లది 89 శాతం. మీ 9ని 1.17తో హెచ్చవేస్తే 10.5. తేడా అర నాటే.

కానీ మార్చి–ఏప్రిల్‌లో ఆ 85 శాతం కూడా నిలబడని రోజులుంటాయి. ఆ నెలల్లో మన తీరం దగ్గర అడుగు నీరు పైకొచ్చి ఒడ్డు వెంట ఒక పట్టీ చల్లబడుతుంది. విశాఖ దగ్గరి ఈ అప్‌వెల్లింగ్ మీద ఆంధ్రా యూనివర్సిటీలో 1950ల నుంచీ పని జరుగుతోంది. మోడల్‌కి ఇచ్చే నీటి ఉష్ణోగ్రత మ్యాపులో ఆ సన్నటి పట్టీ సరిగ్గా కనబడదు. వేడి గాలి చల్లటి నీటి మీదికొస్తే కింద పొర బరువెక్కి పై గాలితో కలవదు. అప్పుడు మాస్ట్ (తెరచాప స్తంభం) పైన గాలి, డెక్ దగ్గర గాలి వేర్వేరు బలంతో, వేర్వేరు దిశల్లో ఉంటాయి. పిల్లలు 'ఒక టాక్‌లో (గాలి ఒక పక్క నుంచి తగిలేలా నడిపేటప్పుడు) తెర నిండుతోంది, ఇంకో టాక్‌లో పైభాగం కొట్టుకుంటోంది' అంటే ఇదే కారణం. ఆ రోజు వ్యాంగ్ (తెరచాప అడుగు కర్రను కిందికి లాగే తాడు) కొంచెం వదిలి ట్విస్ట్ (తెర పైభాగం ఒరిగే మెలిక) పెంచమని చెప్పాలి. బోటులో ఒక థర్మామీటరు ఉంచి, రోజూ ఒకే చోట బకెట్‌తో తోడిన నీటిలో కొలవండి. మోడల్ వాడుకున్న నీటి ఉష్ణోగ్రత కంటే రెండు డిగ్రీలు తక్కువ ఉందంటే జాగ్రత్త పడాలి.

పరికరం విషయం. ఒక్కటే కొనాలంటే కెస్ట్రెల్ 5500 లాంటి చేతి మీటరు, దానికి వేన్ మౌంట్ (గాలి వైపు తిప్పే బిగింపు). బోటు మీద 3 మీటర్ల గొట్టం నిలబెట్టి అల్ట్రాసోనిక్ సెన్సర్ పెట్టుకోగలిగితే ఇంకా మంచిది, బ్లూటూత్‌తో ఫోన్‌లో లాగ్ అవుతుంది. గొట్టం ఔట్‌బోర్డ్ ఇంజన్‌కి, మనుషులకి దూరంగా ముందు భాగంలో ఉండాలి. పొట్టిగా ఉంటే కన్సోల్ మీంచి లేచిన గాలి తగిలి ఎక్కువ చూపిస్తుంది. కంపాస్ సెన్సర్‌ని స్పీకర్లకు, వీహెచ్ఎఫ్ రేడియో సెట్‌కి మీటరు దూరంలో బిగించి, నీటి మీద నెమ్మదిగా రెండు చుట్లు తిరిగి క్యాలిబ్రేట్ చేయండి. ఈ ఒక్క పని వదిలేస్తే దిశలో 10–15 డిగ్రీల తప్పు ఏ వైపు తిరిగితే ఆ వైపు మారుతూ వస్తుంది. ఆ తప్పును గాలి షిఫ్ట్ (దిశ మార్పు) అనుకుని వ్యూహం వేసేస్తారు. మాగ్నెటిక్, ట్రూ ఉత్తరాల మధ్య తేడా మన దగ్గర డిగ్రీ అటూ ఇటూగానే కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

కొలిచేటప్పుడు బోటు ఆగి ఉండాలి. ఇంజన్ న్యూట్రల్‌లో కొట్టుకుపోతుంటే ఆ వేగం కూడా గాలిలో కలుస్తుంది. జీపీఎస్‌తో సరిచేసే సెన్సర్ అయితే పర్లేదు. ప్రతి కొలతా నిమిషం సగటు. సెకను సెకను అంకెలు చూస్తే తల తిరుగుతుంది తప్ప ఏమీ అర్థం కాదు. కాగితంలో టైము, చోటు, సగటు దిశ, సగటు వేగం, గరిష్ఠ గాలి, ప్రవాహం, మబ్బు గురించి ఒక ముక్క. ఎక్సెల్‌లో దిశల సగటు తీసేటప్పుడు మామూలు సగటు వేయొద్దు. ఉదయం నేల గాలి 350, 10 మధ్య ఊగితే సగటు 180 వచ్చేస్తుంది, అంటే దక్షిణం. సైన్, కొసైన్ విడివిడిగా సగటు తీసి వెనక్కి తిప్పాలి.

ఈ నిమిషం సగటులను గ్రాఫ్ గీసి, పైన పది నిమిషాల సగటు గీత వేయండి. పది నిమిషాల గీత ఒకే వైపు వాలుతుంటే నిలిచిపోయే మార్పు. అది వాలకుండా తిన్నగా ఉండి నిమిషం గీత దాని చుట్టూ ఊగుతుంటే ఊగిసలాట, ఒక ఊపుకి ఎన్ని నిమిషాలో లెక్కపెట్టి చెప్పండి. ఇంకో చిట్కా: 10 నాట్స్ గాలి కిలోమీటరు దాటడానికి మూడుంపావు నిమిషాలు. వెదర్ మార్క్ దగ్గర చూసిన షిఫ్ట్ స్టార్ట్ లైన్‌కి అంత ఆలస్యంగా వస్తుంది. రెండు బోట్లుంటే, రెండు చోట్ల ఒకేసారి కొలిస్తే ఇది మీకే కనిపిస్తుంది.

రెగట్టాకి కనీసం రెండు మూడు వారాల ముందు నుంచి మధ్యాహ్నం 12, 1, 2, 3 గంటల అంకెలు, మోడల్ చెప్పినవి పక్కపక్కన రాసుకోండి. దిశను బట్టి విడగొట్టి చూడండి. ఆగ్నేయం గాలికి మోడల్ తప్పు ఒక రకంగా, నైరుతికి ఇంకో రకంగా ఉంటుంది. అన్నీ కలిపి సగటు తీస్తే రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసి అంతా బాగుందనిపిస్తుంది.

---

పీ_జెండా

రేస్ కమిటీ వైపు నుంచి నిబంధన చెబుతాను, ఇక్కడ పొరపాటు పడితే పాపం పిల్లలే శిక్ష అనుభవిస్తారు.

రేసింగ్ రూల్స్ ఆఫ్ సెయిలింగ్‌లో 41వ నిబంధన బయటి సాయం గురించి. ప్రిపరేటరీ సిగ్నల్, అంటే స్టార్ట్‌కి 4 నిమిషాల ముందు నుంచి పడవ రేసింగ్‌లో ఉన్నట్టు. అక్కడి నుంచి ఫినిష్ దాటి బయటపడేదాకా గాలి గురించి మీరు ఒక్క మాట చెప్పినా, చేత్తో సైగ చేసినా, ముందే మాట్లాడుకున్న రంగు టోపీ పెట్టుకున్నా బయటి సాయమే. అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్న సమాచారానికి మినహాయింపు ఉంది. కానీ మీ బోటులో ఉన్న రాడార్ బొమ్మను మీ పడవకు మీరు అరిచి చెప్పడం దానికిందికి రాదు. డింగీల్లో ఫోన్, రేడియో ఉండకూడదని క్లాస్ రూల్సో సెయిలింగ్ ఇన్‌స్ట్రక్షన్సో సాధారణంగా నిషేధిస్తాయి. మీ రెగట్టా కాగితం చదవండి. కోచ్ బోట్లు ఎంత దూరంలో ఉండాలో కూడా అందులోనే ఉంటుంది.

రేసుకు రేసుకు మధ్య మాట్లాడొచ్చు. మీ పనంతా ఆ పది పదిహేను నిమిషాల్లోనే. అక్కడ పిల్లల మీద అంకెల వాన కురిపించొద్దు. నీళ్లు తాగనిచ్చి రెండు ముక్కలు: 'పది నిమిషాల సగటు 195, పోయిన రేసు కంటే 6 కుడికి. ఊపు ఎనిమిది నిమిషాలు.' అంతే.

ఎవరైనా ప్రమాదంలో ఉంటే నిబంధన అడ్డురాదు, సాయం చేయడం తప్పనిసరి. ఆ మాట టీమ్ మొత్తానికి స్పష్టంగా చెప్పి ఉంచండి.

---

చుక్కాని_వైజాగ్

ఇదంతా కలిపి 8 గంటల బ్రీఫింగ్ కాగితం ఎలా ఉండాలో ఒక నమూనా ఇవ్వగలరా ఐసోబార్ గారూ? ఒక పేజీ మించకుండా. మరొకటి, మా రెగట్టా ఏప్రిల్‌లోకి జరిగే అవకాశం ఉందంటున్నారు. సాయంత్రం ఉరుములు, ఈదురుగాలుల సంగతి ఏంటి?

---

ఐసోబార్

నమూనా ఇదిగో, అంకెలు ఊహించినవి.

*పై గాలి:* బెలూన్, 925 దగ్గర 240 నుంచి 11 నాట్స్. మోడళ్లు రెండూ 235–245. నమ్మకం: బాగుంది.
*12:00:* 160–175, 6–8 నాట్స్. *13:00:* 175–190, 8–11. *14:00:* 185–200, 10–13. *15:00:* 195–210, 11–14, గరిష్ఠం 17. (డెక్ ఎత్తుకు సరిచేసినవి.)
*నీరు:* ఈశాన్యానికి 0.4 నాట్, బయటికి వెళ్లేకొద్దీ ఎక్కువ. స్వెల్ (దూరం నుంచి వచ్చే పొడవాటి అల) దక్షిణం నుంచి 0.9 మీటరు, అలకూ అలకూ మధ్య 13 సెకన్లు.
*చూడాల్సినవి:* 12:15కి 8 నాట్స్ దాటి దిశ 170 కుడికి వచ్చిందంటే అంచనా దారిలో ఉంది, మొదటి రేసు కుడి. 12:45 అయినా 150 దగ్గరే ఆగి 6 లోపు ఉంటే పై గాలి కిందికి దిగలేదు, గాలి ఎక్కువ ఉన్న వైపు వెళ్లండి, తిరుగుతుందని ఎదురుచూడొద్దు. వెదర్ మార్క్ డాల్ఫిన్స్ నోస్ కొసకు లోపల ఉంటే రెండో రేసు నుంచి కుడి మూల వద్దు.

ఇంతే. 'చూడాల్సినవి' అన్నదే ఆ కాగితానికి ప్రాణం. 11 నాట్స్ అని రాసి ఊరుకుంటే 8 వచ్చినప్పుడు పిల్లలు కాగితాన్నే మర్చిపోతారు. ఏది కనిపిస్తే ఏం చేయాలో రాస్తే అంచనా తప్పిన రోజు కూడా పనికొస్తుంది. వేగాన్ని ఎప్పుడూ పరిధిగా ఇవ్వండి. ఆ పరిధి మీ పడవల హద్దులకు తగిలేలా చూడండి: మీ ఐఎల్‌సీఏ 4 పిల్లలు ఎన్ని నాట్స్ దగ్గర పూర్తిగా బయటికి వాలాల్సి వస్తుందో మీకే తెలుసు, గాలి ఆ గీతను ఏ గంటకు దాటుతుందో చెప్పడమే వాళ్లకు కావాల్సింది.

కంటికి కనిపించే గుర్తులు కూడా నేర్పండి. ఔటర్ యాంకరేజ్‌లో లంగరేసిన ఓడలు ఎటు ముఖం పెట్టాయో చూడమనండి. ఖాళీ ఓడ గాలికి తిరుగుతుంది, నిండు ఓడ నీటికి తిరుగుతుంది. రెండూ వేర్వేరు వైపు చూస్తుంటే ప్రవాహం గట్టిగా ఉందన్నమాట. రిఫైనరీ, స్టీల్ ప్లాంట్ చిమ్నీల పొగ పై గాలి చెబుతుంది. పొగ సముద్రం వైపు పోతూ కింద జెండాలు నేల వైపు ఎగురుతుంటే సీ బ్రీజ్ పలచగా ఉంది, ఇంకా లోతు పట్టలేదు. 11 తర్వాత తీరం మీది చిన్న మబ్బులు కరిగి సింహాచలం కొండల వెనక వరస కడితే అది లోపలికి సాగింది, గాలి నిలబడుతుంది.

ఉరుముల సంగతి పీ_జెండా గారు బాగా చెప్పగలరు.

---

పీ_జెండా

ఏప్రిల్‌లో మధ్యాహ్నం తూర్పు కనుమల మీద, అరకు, పాడేరు, అనంతగిరి వైపు క్యుములోనింబస్ మేఘాలు లేస్తాయి. పై గాలి వాయవ్యం నుంచి ఉంటే సాయంత్రానికి తీరానికి దిగుతాయి. ఉదయం బెలూన్‌లో 700, 500 హెక్టాపాస్కల్స్ దగ్గర గాలి ఎటు వీస్తోందో చూస్తే మేఘం ఎటు కదులుతుందో ముందే తెలుస్తుంది. అది వాయవ్యం అయితే ఆ రోజు 2 తర్వాత రాడార్ మీద ఒక మనిషిని కూర్చోబెట్టాలి. మన కైలాసగిరి డాప్లర్ రాడార్ బొమ్మలు ఐఎండీ సైట్‌లో వస్తాయి. వరసగా నాలుగు బొమ్మలు తీసుకుని ఉరుము మేఘపు కణం ఎంత జరిగిందో కొలిస్తే వేగం వచ్చేస్తుంది. 60 కిలోమీటర్ల దూరంలో 45 డీబీజెడ్ (రాడార్‌లో వాన తీవ్రత కొలత) దాటిన కణం గంటకు 40 కిలోమీటర్లతో వస్తుంటే మీకు 90 నిమిషాలు ఉన్నట్టు కాదు. ముందొచ్చే ఈదురుగాలి వానకు 10–20 కిలోమీటర్లు ముందే తాకుతుంది. దాన్నుంచి ఒడ్డుకు తీసుకురావడానికి పట్టే టైము తీసేయండి. మిగిలేది గంట కూడా కాదు.

ఆ గాలి రాకముందు సీ బ్రీజ్ ఒక్కసారిగా చచ్చిపోతుంది. అలా ఆగిపోవడమే గుర్తు. తర్వాత నేల వైపు నుంచి, పూర్తిగా వ్యతిరేక దిశలో విరుచుకుపడి పడవలను బయటి సముద్రంలోకి తోస్తుంది. ఒడ్డు వైపు తోసే గాలి కాదు కాబట్టి బోల్తాపడిన ఐఎల్‌సీఏ 4 ఎంత దూరం పోతుందో ఆలోచించండి. సేఫ్టీ బోట్లు ముందే ఫ్లీట్‌కి బయటి వైపు నిలబడాలి. పిడుగులకు దామిని యాప్ పెట్టుకోండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు లోపైతే పడవలు నీటి మీద ఉండకూడదు, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. ఏపీ (రేసు వాయిదా) జెండా కింద హెచ్ జెండా కనిపిస్తే మరో మాట లేకుండా ఒడ్డుకే.

---

పోర్ట్‌టాక్

ఏప్రిల్‌కి జరిగితే ఇంకో రెండు. 15వ తేదీ నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం, కాబట్టి కోర్సులో ట్రాలర్ల రాకపోకలు బాగా తగ్గుతాయి. అంతకు ముందైతే ఫిషింగ్ హార్బర్‌కి తిరిగొచ్చే పడవల దారి, వలలు ఎక్కడున్నాయో ఉదయమే ఒక చుట్టు చూసి రావాలి.

రెండోది, దక్షిణ మహాసముద్రం నుంచి పొడవాటి స్వెల్ ఏప్రిల్–మేలో ఎక్కువ వస్తుంది. ఇన్‌కాయిస్ అంచనాలో అల ఎత్తు ఒక్కటే చూసి తృప్తి పడొద్దు, పీరియడ్ (అలకూ అలకూ మధ్య సమయం) చూడండి. మీటరు ఎత్తే అయినా 15 సెకన్లు దాటితే నీటి మీద తెలియదు గానీ ఆర్కే బీచ్ ఒడ్డున విరిగేటప్పుడు పడవను తిరగేసి చుక్కాని విరిచేస్తుంది. అలాంటి రోజు లాంచింగ్ బీచ్ నుంచి కాకుండా హార్బర్ లోపలి నుంచి పెట్టగలరేమో నిర్వాహకులను ముందురోజే అడగండి. అనుమతులకు టైము పడుతుంది.

---

చుక్కాని_వైజాగ్

పిన్ను 15 కిలోమీటర్లు బయటికి జరిపి చూశాను, జీఎఫ్ఎస్ 7 కాస్తా 10 అయింది. కర్ర, థర్మామీటరు రేపటి నుంచి బోటులో ఉంటాయి. లాగ్ షీట్ ఈ ఆదివారం నుంచి మొదలుపెడుతున్నాను, రెండు వారాల అంకెలు రాగానే దిశల వారీగా విడగొట్టి ఇక్కడే పెడతాను. అనిమో గారూ, సైన్ కొసైన్ ఫార్ములా ఎక్సెల్‌లో ఎలా రాయాలో అప్పుడు ఒకసారి చూసిపెట్టండి.

---

అనిమో

ఇప్పుడే రాసేసుకోండి, తర్వాత సరిదిద్దడం కష్టం. డిగ్రీలను ముందు రేడియన్లలోకి మార్చాలి. ఒక వరసలో సైన్, పక్క వరసలో కొసైన్, రెండిటి సగటులూ విడిగా. ఏటాన్2 ఫంక్షన్‌కి ఎక్సెల్‌లో మొదట కొసైన్ సగటు, తర్వాత సైన్ సగటు ఇవ్వాలి. చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో ఇది తిరగబడి ఉంటుంది, నెట్‌లో దొరికింది అలాగే అతికిస్తే దిశ అద్దంలో చూసినట్టు తప్పు వస్తుంది. వచ్చినదాన్ని డిగ్రీల్లోకి మార్చి, సున్నా కంటే తక్కువైతే 360 కలపండి. 350, 10 ఇచ్చి పరీక్షించండి. సున్నా గానీ 360 గానీ రావాలి.